మారిషస్: సాగరతీరాలు, చారిత్రక స్థలాలు, సంస్కృతి

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున ఉన్న ద్వీపదేశం. ప్రధాన ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి 65 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకు 45 కిలోమీటర్లు మించదు. రాజధాని పోర్ట్ లూయిస్. రీయూనియన్, రోడ్రిగ్స్ దీవులతో కలిపి ఈ దీవుల సమూహాన్ని మాస్కరీన్ దీవులంటారు. వీటిలో రోడ్రిగ్స్ మారిషస్ దేశంలో భాగం కాగా, రీయూనియన్ ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది.

విదేశీ విహారానికి వెళ్లే తెలుగువారిలో చాలామందికి మారిషస్ అంటే కొత్త దంపతులు వెళ్లే చోటు, తెల్లటి ఇసుక, నీలి నీళ్లు. ఇసుక నిజమే, నీళ్లూ నిజమే. కానీ ఈ దీవిలో అనాదిగా ఉన్న మానవజాతి అంటూ ఏదీ లేదు. ఇక్కడున్న ప్రతి కుటుంబమూ ఓడ దిగి వచ్చిందే. యజమానులుగా వచ్చినవారు కొందరు, సంకెళ్లతో వచ్చినవారు కొందరు, ఒప్పంద కూలీలుగా వేలిముద్ర వేసి వచ్చినవారు మరికొందరు. ఆ చివరి వరుసలో కోరంగి రేవు నుంచి బయలుదేరిన తెలుగువారూ ఉన్నారు. తీరం చూసి తిరిగొచ్చేసిన యాత్రికుడు మారిషస్‌లో సగమే చూసినట్టు.

చరిత్ర

అరబ్బు నావికులకు ఈ దీవి తెలుసు. పదహారో శతాబ్ది మొదట్లో పోర్చుగీసువారు ఇటుగా వచ్చిపోయారు. 1598లో డచ్చివారు ఆగ్నేయ తీరాన దిగి, తమ రాకుమారుడు మౌరిస్ పేరు పెట్టారు. 1638లో వలస ఏర్పరచి, ఎబొనీ అడవులు నరికి, 1710లో వదిలి వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివారు ఆక్రమించి 'ఈల్ ద ఫ్రాన్స్' అన్నారు. 1735లో గవర్నరుగా వచ్చిన మాహె ద లా బూర్దొనే పోర్ట్ లూయిస్‌ను రేవుపట్టణంగా తీర్చిదిద్దాడు. 1810లో ఇంగ్లీషువారు దీవిని గెలుచుకున్నారు. ఇంగ్లీషువారి పాలన వచ్చినా ఫ్రెంచివారి భాష, ఆస్తులు, చట్టాలు అలాగే నిలిచాయి. నేటికీ పత్రికలు ఎక్కువగా ఫ్రెంచిలో వస్తాయి, శాసనసభ వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది, జనం ఇళ్లలో ఫ్రెంచి ఆధారంగా పుట్టిన క్రియోల్ భాష మాట్లాడుకుంటారు. 1968 మార్చి 12న దేశం స్వాతంత్ర్యం పొందింది. గాంధీజీ దండి యాత్ర మొదలుపెట్టిన తేదీ అది. 1992లో అదే రోజున గణతంత్రమైంది.

తీరం తీరు

మారిషస్ సముద్రగర్భంలోని అగ్నిపర్వతాల నుంచి సుమారు 80 లక్షల ఏళ్ల కిందట పైకి లేచిన దీవి. దీని చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ గోడ కట్టి ఉంది. మహాసముద్రపు అలలు ఆ గోడకు తగిలి విరిగిపోతాయి. గోడకూ తీరానికీ మధ్య మిగిలిన లోతులేని, నిలకడైన నీరే లగూన్. తెల్లటి ఇసుక కూడా పగడాల పొడి, గుల్లల పొడే. నదులు సముద్రంలో కలిసే చోట మంచినీరు, ఒండ్రు వల్ల పగడం పెరగదు, అక్కడ గోడకు గండి పడుతుంది. పడవలు బయటి సముద్రంలోకి వెళ్లేది ఆ గండ్ల గుండానే, ప్రమాదకరమైన ప్రవాహాలు ఉండేదీ ఆ గండ్ల దగ్గరే. ఈత రానివారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తీరం ఎవరిదన్న విషయమూ తెలుసుకోవాలి. పోటు గీత దాకా ఉన్న ఇసుక ప్రజలందరిదీ. హోటలు ఎదురుగా ఉన్నంత మాత్రాన ఆ ఇసుక హోటలుది కాదు. పోటు గీత నుంచి లోపలికి కనీసం 81.21 మీటర్ల నేల ప్రభుత్వానిది. దీన్ని 'పా జ్యోమెత్రిక్' అంటారు, దీవి రక్షణ కోసం ఫ్రెంచివారు కేటాయించిన పట్టీ ఇది. అందులో చాలా భాగం ఇప్పుడు హోటళ్లకు, విడిది ఇళ్లకు కౌలుకు పోయింది. మిగిలిన చోట్ల ప్రభుత్వం ప్రజా తీరాలు ఏర్పాటు చేసింది. వాటిలో నీడనిచ్చేవి సరుగుడు చెట్లు. కోస్తా ఆంధ్రలో తిరిగినవారికి ఆ చెట్ల ఈల కొత్త కాదు. ఆదివారం మధ్యాహ్నం స్థానిక కుటుంబాలు గిన్నెలు, చాపలు, డప్పులతో ఈ సరుగుడు తోపులకు తరలివస్తాయి. హోటలు గోడల లోపల కూర్చోవడం కన్నా ఒక ఆదివారం ఏదో ఒక ప్రజా తీరంలో గడపడం మేలు.

ప్రధాన తీరాలు

ఉత్తరాన ట్రూ ఓ బీష్, మోఁ ష్వాజీ, పెరేబేర్ తీరాలు ఈతకు అనువైనవి. పిల్లలతో వెళ్లేవారికి ట్రూ ఓ బీష్ అన్నిటికన్నా మంచిది, నీరు నెమ్మదిగా లోతెక్కుతుంది. పక్కనున్న గ్రాండ్ బే దుకాణాలు, భోజనశాలలతో కిక్కిరిసిన పట్టణం. అక్కడ సందడే తప్ప తీరం చిన్నది. ఉత్తరపు కొసన కాప్ మలెర్యూ దగ్గర ఎర్ర పైకప్పు ఉన్న చిన్న చర్చి, ఎదురుగా సముద్రంలో కోణాకారపు కొండతో క్వాఁ ద మీర్ దీవి. 1810లో ఇంగ్లీషు సేనలు దిగింది ఈ కాప్ మలెర్యూ దగ్గరే.

తూర్పున బెల్ మార్ పొడవైన తీరం, సూర్యోదయం చూడటానికి వెళ్లదగినది. శీతాకాలంలో ఆగ్నేయపు గాలి ఈ వైపు గట్టిగా వీస్తుంది. ఇక్కడికి చేరువలోని ఈల్ ఓ సెర్ఫ్ దీవికి పడవల్లో వెళ్తారు. నీటి రంగులు అద్భుతంగా ఉంటాయి, కానీ మధ్యాహ్నానికి అక్కడ కాలు పెట్టే చోటు దొరకదు. ఉదయపు మొదటి పడవ ఎక్కాలి.

ఆగ్నేయాన విమానాశ్రయానికి దగ్గరలోని బ్లూ బే పగడాల వైవిధ్యానికి పేరుపొందింది. ఈ సముద్ర ఉద్యానం 2008లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేరింది. అద్దాల అడుగు ఉన్న పడవల్లోంచీ, ముఖానికి కళ్లజోడు, నోట్లో గొట్టం పెట్టుకుని ఈదుతూనూ పగడాలను చూడవచ్చు. ఈ పొరుగునే ఉన్న ప్వాంత్ దెస్నీ దగ్గర 2020 జులై 25న 'వకాషియో' అనే సరుకుల ఓడ పగడపు దిబ్బకు ఎక్కింది. ఆగస్టు మొదటి వారంలో దాదాపు వెయ్యి టన్నుల ఇంధనం లగూన్‌లోకి కారింది. అప్పుడు ఆ ఊళ్లవాళ్లు ఎవరి కోసమూ ఎదురుచూడకుండా చెరకు ఆకులను గుడ్డ సంచుల్లో కూరి, పొడవాటి తెప్పలు కుట్టి నూనెకు అడ్డం వేశారు. నూనెను పీల్చడానికి జుట్టు కత్తిరించి ఇచ్చినవారూ ఉన్నారు. ఈ నీళ్లను కాపాడుకున్న జనం వారు. అక్కడ పగడం మీద కాలు పెట్టే ముందు ఆ సంగతి తలచుకోవాలి.

పడమటి తీరంలో ఫ్లిక్ ఎన్ ఫ్లాక్ సూర్యాస్తమయానికి, తమారిన్ అలల మీద పలకలతో చేసే సాహసానికి ప్రసిద్ధి. తమారిన్‌లో తెల్లవారుజామున డాల్ఫిన్‌లను చూపిస్తామని పడవలు బయలుదేరతాయి. ఒక్కో గుంపు చుట్టూ పడవలు మూగి జంతువులను హడలగొట్టడం జరుగుతోంది. దూరం పాటించే పడవవాడు దొరికితేనే వెళ్లాలి, లేకపోతే మానుకోవడమే న్యాయం.

దక్షిణాన సుయాక్ దగ్గరి గ్రిగ్రి వీటన్నిటికీ భిన్నం. ఇక్కడ పగడపు గోడ లేదు. మహాసముద్రం నేరుగా నల్లరాతి చరియలను కొడుతుంది. ఈతకు పనికిరాదు, కానీ పగడపు గోడ లేకుంటే ఈ దీవి ఎలా ఉండేదో కళ్లకు కట్టే చోటు ఇదే.

లె మోర్న్

నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకువచ్చిన 556 మీటర్ల నల్లరాతి కొండ లె మోర్న్ బ్రబాఁ. దాని పాదాన ఉన్న తీరం దీవిలోకెల్లా అందమైనదని చాలామంది అంటారు. గాలిపటాలతో అలల మీద తేలే ఆటగాళ్లు ప్రపంచం నలుమూలల నుంచి ఇక్కడికి వస్తారు. విమానం లేదా హెలికాప్టర్ నుంచి చూస్తే ఈ తీరం దగ్గర సముద్రం లోపల జలపాతం పడుతున్నట్టు కనబడుతుంది. ఇసుక, ఒండ్రు లోతులోకి జారడం వల్ల కలిగే భ్రమ అది. ఒడ్డున నిలబడితే ఏమీ కనబడదు.

కొండకు మాత్రం భ్రమ అక్కర్లేదు. పద్దెనిమిదో శతాబ్దిలోనూ పంతొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాల్లోనూ తోటల నుంచి పారిపోయిన బానిసలు దీని చరియల్లో, గుహల్లో తలదాచుకున్నారు. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి, మడగాస్కర్ నుంచి, భారతదేశం నుంచి కూడా బలవంతంగా తెచ్చినవారు వారిలో ఉన్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి సైనికులు కొండ ఎక్కుతుంటే, తమను మళ్లీ పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని అక్కడివారు కొండ మీది నుంచి దూకేశారని తరతరాలుగా చెప్పుకుంటారు. లిఖిత ఆధారాల కన్నా నోటి మాటగా నిలిచిన కథ ఇది. స్వేచ్ఛ చేతికి వచ్చిన రోజునే ప్రాణం పోగొట్టుకున్నారన్న మాటను బానిసల వారసులైన క్రియోల్ సమాజం తన గుండెల్లో దాచుకుంది. 2008లో యునెస్కో లె మోర్న్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఫిబ్రవరి 1 దేశమంతా సెలవు, స్మరణ సభ జరిగేది ఈ కొండ పాదాన. కొండ ఎక్కదలచినవారు తెల్లవారకముందే బయలుదేరాలి. పై భాగం రాళ్ల మీద చేతులతో పాకి ఎక్కాల్సినంత నిటారు.

పోర్ట్ లూయిస్, ఆప్రవాసి ఘాట్

రాజధానిలో ఒక పూర్తి రోజు గడపాలి. సెంట్రల్ మార్కెట్, 1812లో మొదలైన షాఁ ద మార్స్ గుర్రప్పందేల మైదానం, పట్టణమంతా కనిపించే సిటడెల్ కోట, చైనా వాడ, జుమ్మా మసీదు అన్నీ నడిచి చేరేంత దగ్గరివే. బ్లూ పెన్నీ మ్యూజియంలో 1847 నాటి రెండు తపాలా బిళ్లలు ఉన్నాయి. ఇంగ్లాండు వెలుపల బ్రిటిష్ సామ్రాజ్యంలో వెలువడిన తొలి బిళ్లలివి. వెలుగుకు రంగు పోకుండా గంటకు కొన్ని నిమిషాలే దీపం వేసి అసలువాటిని చూపిస్తారు. ఆ సమయం కనుక్కుని వెళ్లాలి. ప్రకృతి చరిత్ర మ్యూజియంలో డోడో పక్షి అస్థిపంజరం ఉంది. డచ్చివారు, వారి వెంట వచ్చిన ఎలుకలు, పందులు, కోతుల వల్ల పదిహేడో శతాబ్దంలోనే ఈ ఎగరలేని పక్షి అంతరించింది.

రేవు పక్కనే ఆప్రవాసి ఘాట్, ఒప్పంద కూలీలు ఓడ దిగిన చోటు. ప్రపంచ చరిత్రలో ఇంత చిన్న స్థలానికి ఇంత బరువు ఉండటం అరుదు. బానిసత్వం రద్దు కానుండటంతో చెరకు తోటలకు కూలీల కరువు ఎదురైనప్పుడు, బానిసల బదులు 'స్వేచ్ఛా కూలీల'తో పని నడుస్తుందా అని బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ పరీక్ష పెట్టింది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది వచ్చారు. 1920 నాటికి దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఈ రేవు గుండా వచ్చారు. మారిషస్‌లో ఆ పద్ధతి నిలదొక్కుకున్నాకే ఫిజీకి, ట్రినిడాడ్‌కు, గయానాకు, దక్షిణాఫ్రికాకు పెద్ద ఎత్తున కూలీల ఓడలు కదిలాయి.

1849లో కట్టడం మొదలైన ఈ వలస డిపోలో ఇప్పుడు మిగిలినవి కొన్ని రాతి గోడలు, ఆసుపత్రి గదులు, వంటశాల ఆనవాళ్లు, నీటి అంచున 16 మెట్లు. ఓడ దిగినవారు మొదట అడుగు పెట్టింది ఆ మెట్ల మీదే. ఇక్కడ పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు రాసుకుని, ఒక సంఖ్య ఇచ్చి తోటలకు పంపేవారు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే నియమం ఉండేది. 2006లో ఈ స్థలం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. లోపలి వివరణ కేంద్రం తప్పక చూడాలి. ఏటా నవంబరు 2 జాతీయ సెలవు, ఆ రోజు ఘాట్ దగ్గర పూలు సమర్పిస్తారు.

ఆనాటి వలస రిజిస్టర్లు, ఫోటోలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. పూర్వీకుల ఊరిపేరు వెతుక్కుంటూ నాలుగో తరం, ఐదో తరం వారసులు అక్కడికి వస్తారు.

కోరంగివారు

గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు, ఓడలు కట్టే చోటు. 1839 తుపానుతో అది దెబ్బతింది. ఆ రేవు పేరు మీదుగా మారిషస్‌లో తెలుగువారిని కోరంగివారని పిలిచేవారు. గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వచ్చిన వారి సంతతి నేడు జనాభాలో చిన్న భాగమే. ఇళ్లలో మాట క్రియోల్. అయినా ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు తెలుగు ఒక పాఠ్యాంశంగా చదువుకోవచ్చు. మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు శాఖ ఉంది. ఉగాది దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి. దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన వారి ఇళ్లలో, గుళ్లలో ఇంకా సాగుతోంది. భాష మాట్లాడటం ఆగిపోయినా పాట ఆగలేదు. ఇంటి భాషగా తెలుగు ఉండి, పిల్లలను దానికి దూరం చేసుకుంటున్న మనం వారి దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.

గంగా తలావ్, ఇతర పుణ్యస్థలాలు

దక్షిణాన, కొండల మధ్య, సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న అగ్నిపర్వత బిలం సరస్సు గ్రాండ్ బస్సాఁ. 1898 నుంచి శివరాత్రికి ఇక్కడికి యాత్ర సాగుతోంది. 1972లో గంగానది నీటిని ఇందులో కలిపి గంగా తలావ్ అని పేరు పెట్టారు. శివరాత్రికి లక్షలాది మంది తెల్లబట్టలతో, వెదురు, కాగితపు పూలతో కట్టిన కావళ్లు భుజాన వేసుకుని రాత్రింబవళ్లు నడిచి వస్తారు. దారి పొడవునా అన్ని మతాలవారూ మంచినీళ్లు, పళ్లు అందిస్తారు. సరస్సు ఒడ్డున 108 అడుగుల శివుడి విగ్రహం ఉంది. విగ్రహం కన్నా ఆ నడక గొప్పది.

సెప్టెంబరు 9న పోర్ట్ లూయిస్ శివారు సాఁత్ క్రువాలో పేర్ లావాల్ సమాధికి మరో పెద్ద యాత్ర జరుగుతుంది. 1864లో ఆ తేదీన మరణించిన ఈ ఫ్రెంచి కేథలిక్ మతగురువు విముక్తులైన బానిసల మధ్య పనిచేశాడు. ఆ రాత్రి నడిచేవారిలో హిందువులు, ముస్లింలు కూడా ఉంటారు.

సెగా, తిండి

బానిసల వారసులు కాపాడుకున్న పాట, ఆట సెగా. మేకతోలు బిగించిన రవాన్ అనే పెద్ద పలక డప్పును మంట దగ్గర కాచి వాయిస్తారు. మరవాన్ అనే గింజల పెట్టె, ఇనుప త్రికోణం తోడవుతాయి. 2014లో సెగా, 2016లో భోజ్‌పురి పెళ్లి పాటల సంప్రదాయం గీత్ గవాయ్ యునెస్కో జాబితాలో చేరాయి. హోటళ్లలో రంగురంగుల లంగాలతో ఆడించేది సెగాలో ఒక ముక్క మాత్రమే. అసలైన సెగా వినాలంటే తీరపు పల్లెల్లోనో, ఆదివారపు సరుగుడు తోపుల్లోనో వినాలి.

వీధి తిండిలో మొదట చెప్పాల్సింది ధోల్ పురీ. పప్పు పొడిని పలుచటి రొట్టెలో పొదిగి కాల్చి, చిక్కుడు గింజల కూర, పచ్చడి చుట్టి ఇస్తారు. తీపి లేని బొబ్బట్టు అనుకోవచ్చు. పప్పు రుబ్బి పచ్చిమిర్చి వేసి వేయించిన గాతో పిమాఁ, సబ్జా గింజలు వేసిన పాల పానీయం అలూదా కూడా బజారులో దొరుకుతాయి. శాకాహారులకు ఇక్కడ ఇబ్బంది లేదు.

అడవి, తోట

నైరుతిలోని బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానాన్ని 1994లో ఏర్పాటు చేశారు. దీవిలో మిగిలిన స్థానిక అడవిలో ఎక్కువ భాగం ఇక్కడే. 1974లో అడవిలో నాలుగే మిగిలాయని లెక్క తేలిన మారిషస్ కెస్ట్రెల్ డేగ, చివరి అంచుకు వచ్చిన గులాబీ పావురం మళ్లీ వందల్లోకి పెరిగాయి. వన్యప్రాణి సంరక్షకుడు కార్ల్ జోన్స్ వంటివారి దశాబ్దాల శ్రమ ఇది. డోడోను పోగొట్టుకున్న దీవి ఈ రెండిటినీ నిలుపుకుంది. ఈ ఉద్యానానికి దగ్గరలోనే షమరెల్ రంగురంగుల నేల, జలపాతం ఉన్నాయి. ఫోటోల్లో కనిపించినంత పెద్ద నేల కాదది, అరగంట చాలు.

రాజధానికి ఉత్తరాన పాంప్లెమూస్‌లోని ఉద్యానవనాన్ని 1770 ప్రాంతంలో పియెర్ ప్వావ్ర్ సుగంధ ద్రవ్యాల మొక్కల కోసం పెంచాడు. పళ్లెంలా అంచు లేచిన విక్టోరియా కలువ ఆకుల కొలను అందరూ చూస్తారు. శ్రీతాళ వృక్షాలను మాత్రం తెలుగువారు ప్రత్యేకంగా చూడాలి. మన పూర్వులు కొన్ని గ్రంథాలను ఈ జాతి ఆకుల మీదే రాశారు. దశాబ్దాల పాటు పెరిగి, ఒక్కసారే పూసి, కాచి చెట్టు చనిపోతుంది. దేశ తొలి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్‌కు 1985లో అంత్యక్రియలు జరిగిందీ ఈ తోటలోనే.

రోడ్రిగ్స్

ప్రధాన ద్వీపానికి తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న 108 చదరపు కిలోమీటర్ల దీవి. 2002 నుంచి స్వయంపాలన ఉంది. పెద్ద హోటళ్లు తక్కువ, ఇళ్లలో బస ఎక్కువ. ఆటు సమయంలో ఆడవాళ్లు ఇనుప చువ్వలతో లగూన్‌లో నడుస్తూ ఆక్టోపస్‌లను పడతారు. సంతతి పెరగడానికి ఏటా కొన్ని వారాలు ఆ వేట ఆపుతారు. తొందర లేనివారికి ప్రధాన ద్వీపం కన్నా ఇదే నచ్చుతుంది.

ప్రయాణికులకు

మే నుంచి అక్టోబరు దాకా చల్లటి, పొడి కాలం. జనవరి నుంచి మార్చి దాకా తుపానుల భయం ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులకు ముందుగా వీసా తీసుకోవాల్సిన పని లేదు, తిరుగు టికెట్, బస వివరాలు చూపించాలి. గడియారం మన కన్నా గంటన్నర వెనుక. వాహనాలు ఎడమ వైపే నడుస్తాయి. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ దాకా మెట్రో రైలు ఉంది, మిగతా దీవికి బస్సులు వెళ్తాయి. లగూన్‌లో దిగేటప్పుడు రబ్బరు చెప్పులు వేసుకోవాలి, రాతిచేప ముల్లు గుచ్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పగడం, గుల్లలు ఏరి తెచ్చుకోవద్దు. వారం రోజుల ప్రయాణమైతే తీరాలకు మూడు రోజులు చాలు. మొదటి రోజునే ఆప్రవాసి ఘాట్ చూడండి, మిగతా దీవి అంతా వేరుగా అర్థమవుతుంది.